మెత్తని కళ్లెం

నవంబరు 11, 1968

మైనా ఇవాళ నన్ను తార్నాక గేటు దాకా లాక్కుపోయింది. ఆర్ట్స్ కాలేజీ వెనక మైదానంలో బుద్ధిగా నడుస్తున్నదల్లా ఉన్నట్టుండి తల పైకెత్తి, మెడ బిగించి పరుగందుకుంది. పగ్గాలు ఎంత లాగితే అంత దూకుడు. గేటు దగ్గర సీతాఫలాల బండి అడ్డం వచ్చింది కాబట్టి ఆగింది. బండి దగ్గరున్న ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసి, "మీరు గుర్రం ఎక్కిన్రా, గుర్రం మిమ్మల్ని ఎక్కిందా సార్?" అంది. సైన్యంలో జుట్టు నెరిసేదాకా గుర్రాలకు నడక నేర్పిన వాణ్ణి. సీతాఫలాలమ్మ చేత మాట పడ్డాను.

యూనివర్సిటీ రైడింగ్ క్లబ్బుకు ఈ గుర్రాన్ని కొనమన్నది నేనే. కాఠియావాడ్ రక్తం కలిసిన గుర్రం. చెవుల కొసలు లోపలికి తిరిగి ఒకదాన్నొకటి తాకుతాయి. రేసుల వాళ్లు వదిలించుకుంటున్నారంటే ఏదో ఉండే ఉంటుందని కన్వీనర్ సూర్యనారాయణ గారు అప్పుడే అన్నారు. ఆయన ఫిజిక్సు రీడరు. గుర్రం ఎక్కగా ఎవరూ చూడలేదు. "నా చేతిలో పెట్టండి, నెలలో పిల్లల చేత ఎక్కిస్తాను" అని పట్టుబట్టాను. నెల ఎప్పుడో దాటింది.

తప్పు క్లబ్బు కళ్లేలది. అన్నీ అరిగిపోయినవి. రేపటి నుంచి నా సొంతది వేస్తాను. ట్రంకు పెట్టె అడుగు నుంచి తీసి చింతపండుతో తోమాను. నడుమ కీలుతో కలిపిన రెండు ఇనుప ముక్కలు, అంతే. గొలుసు లేదు, ముల్లు లేదు. నేను సైన్యపు గుర్రాల డిపో వదిలి వచ్చే రోజున మా పై అధికారి రిసాల్దారు నా చేతిలో పెట్టి, "నీ చేతులు మెత్తన ఇన్నయ్యా, నీకు మెత్తని కళ్లెమే శోభ" అన్నాడు. ఆ మాట నాకు పతకం కన్నా ఎక్కువ.

నవంబరు 12

నా కళ్లెం వేశాను. రెండు చుట్లు బాగా తిరిగింది. చెప్పానా.

నవంబరు 15

ఇవాళ అంత బాగా లేదు. ఎండ.

నవంబరు 19

కొత్త బ్యాచికి కళ్లేల పాఠం. ఏటా చేసేదే చేశాను. ఒకరిని చెయ్యి చాపమని, ముంజేతి మీద కళ్లెం పెట్టి, పగ్గం పట్టి కొద్దిగా లాగుతాను. "నొప్పి పుట్టిందా?" అంటాను. లేదంటారు. అప్పుడు, "మెత్తని కళ్లెం గుర్రాన్ని అడుగుతుంది, కటువైన కళ్లెం కొడుతుంది. చేతకానివాడికే గొలుసూ, ముల్లూ కావాలి. ఆడలేక మద్దెల ఓడనకండి" అంటాను. ఈ మాటకు పిల్లలు నవ్వుతారు, పాఠం అయిపోతుంది.

ఇవాళ చెయ్యి చాపింది ప్రమీల. ఎమ్మెస్సీ జువాలజీ అమ్మాయి, జనగామ పక్క పల్లె. వాళ్ల నాన్న రాజలింగుకు ఒక తట్టువ, పొట్టి గుర్రం, ఉండేదట, చిన్నప్పటి నుంచి దాని వీపు మీదే పెరిగిందట. క్లబ్బులో నిజంగా గుర్రం ఎక్కడం వచ్చింది ఆమె ఒక్కదానికే. నేను పగ్గం లాగి, "నొప్పి పుట్టిందా?" అన్నాను.

"లేదు సార్." అని, చెయ్యి తిప్పి ఎముక వైపు పైకి పెట్టింది. "గీడ పెట్టి లాగుండ్రి సార్. గుర్రం నోట్ల కండ ఏడున్నది? ఎముకనే కదా."

పిల్లలందరూ నా వైపు చూశారు. టైమైపోయిందన్నాను.

నవంబరు 21

కళ్లెం మార్చలేదు. మూతిపట్టీ ఒక బెజ్జం బిగించాను. నోరు తెరిచి కళ్లేన్ని తప్పించుకోవడం దీనికి అలవాటైంది. తెరవకుండా పట్టీ చూసుకుంటుంది. అంతే.

నవంబరు 28

సూర్యనారాయణ గారు పిలిచారు. జనవరిలో కమిటీ వచ్చి గుర్రాలన్నిటినీ చూస్తుందట. పిల్లలు ఎక్కడానికి పనికిరాని దాన్ని వేలం వేస్తారట. "మన మైనా సంగతేమిటి ఇన్నయ్య గారూ? గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని వాళ్లు నా మొహం మీదే అంటారు" అని నవ్వారు.

వేలంలో ఇలాంటి వాటిని కొనేది జట్కాల వాళ్లే. సికింద్రాబాదు స్టేషను దగ్గర నిలబడితే తెలుస్తుంది వాళ్లు వేసే కళ్లేలు ఎలాంటివో. కడ్డీకి లోపలి వైపు ముళ్లుంటాయి. కాఠియావాడ్ గుర్రాన్ని, అలాంటి చెవులున్న గుర్రాన్ని, దాని పాలు చెయ్యాలా? చచ్చినా చెయ్యను. మైనాను నిలబెట్టి తీరతాను. అది నిలబడితే నేను నిలబడ్డట్టే. లేకపోతే, ఈ రోజుల్లో మా ఆంధ్రా వైపు వాణ్ణి సాగనంపడానికి వీళ్లకు పెద్ద కారణం అక్కర్లేదు.

మూతిపట్టీ ఇంకో బెజ్జం.

డిసెంబరు 3

పొద్దున లాయం దగ్గరికి వెళ్లేసరికి ప్రమీల, గుర్రాలు చూసుకునే సాయీసు బుచ్చిరాములు మైనా నోరు తెరిచి చూస్తున్నారు. వాడు నాలుక పక్కకు పట్టుకున్నాడు, ఆమె వేలు లోపలికి పెట్టింది. నాకు చెప్పకుండా.

"సార్, ఇగ చూడుండ్రి" అంది. "దీని నాలుక దొడ్డుగున్నది, అంగిలి కిందికున్నది. నోట్ల జాగానే లేదు. మీరు పగ్గాలు గుంజితె మీ కళ్లెం నడిమిట్ల మడుస్తది. ఆ కీలు పోయి అంగిట్ల పొడుస్తున్నది. గందుకే తల ఎత్తుతున్నది. గీడ పుండైంది, చూసిన్రా?"

చూశాను. చిన్న ఎర్రని మచ్చ. గడ్డి పరక గుచ్చుకున్నా అలాగే ఉంటుంది.

ఆమె అప్పటికే సామాన్ల గదిలో వెతికి ఒక కళ్లెం బయటికి తీసింది. కీలు లేని ఒకటే కడ్డీ, కొద్దిగా వంపు, గడ్డం కింద గొలుసు. "దీనికి మడత లేదు సార్. నాలుక మీద పంటది. గొలుసు లూజుగ పెడితే ఏం కాదు."

నేను, "చూడమ్మాయ్, తట్టువకూ దీనికీ తేడా ఉంది. గొలుసు కళ్లెం ఈ క్లబ్బులో నేనుండగా వెయ్యను" అన్నాను. కోపంగా అనలేదు. నేనెప్పుడూ కోపంగా అనను. ఆమె కడ్డీ కళ్లేన్ని మేకుకు తగిలించి వెళ్లిపోయింది. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ.

డిసెంబరు 4

సారమ్మకు చెప్పాను. బడి పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ వింది.

"ఆ అమ్మాయికి నేనంటే పడదు. గైర్ ముల్కీని, బయటివాణ్ణని" అన్నాను.

"గుర్రానిక్కూడా ముల్కీ, గైర్ ముల్కీ తెలుసేమిటండీ?" అంది, తలెత్తకుండా.

పెళ్లయిన నాటి నుంచి ఈమె మీద ఒక్కసారి గొంతు పెంచి ఎరగను. అయినా ఇలా మాట్లాడుతుంది.

డిసెంబరు 10

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

నిన్న మెట్టుగూడ చర్చిలో సంఘం మీటింగని లాయానికి సెలవు పెట్టాను. మీటింగు తొందరగా అయిపోయింది. మైదానం మీదుగా నడిచి వస్తుంటే మైనా కనిపించింది. మీద ప్రమీల. నేను తుమ్మచెట్ల వెనకే ఆగిపోయాను.

నడిచింది. దుడుకు నడక నడిచింది. పరుగెత్తింది, అడగ్గానే ఆగింది. మెడ కిందికి వంచి, నోట్లో ఏదో నముల్తున్నట్టు దవడ ఆడిస్తూ, చెవులు రెండూ ప్రమీల మాట కోసం వెనక్కి తిప్పి పెట్టింది. ఆ చెవులు వెనక్కి తిరగడం కోసం నేను ఎన్ని నెలలుగా కాచుకుని ఉన్నానో. ప్రమీల పగ్గాలను రెండు వేళ్లతో పట్టుకుంది. మూతిపట్టీ అసలు లేదు. నోట్లో కడ్డీ, గడ్డం కింద గొలుసు.

సంతోషపడాలి కదా. గుర్రం బాగుపడింది, వేలం తప్పుతుంది, నేను ఎన్నుకున్న గుర్రం మంచిదేనని తేలింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. సంతోషంతో కాదు. అసూయతో. ఆడపిల్ల మీద, చదువుకునే పిల్ల మీద, నా శిష్యురాలి మీద.

వాళ్లు లాయానికి వెళ్లేదాకా అక్కడే నిలబడి, అప్పుడే వచ్చినట్టు వెళ్లాను. "ఎవరు తియ్యమన్నారు గుర్రాన్ని?" అన్నాను. మెల్లగానే అన్నాను. బుచ్చిరాములు నేల చూశాడు. ప్రమీల, "నేనే సార్. చెప్తె మీరు వద్దంటరని" అంది. నా గదిలోకి వెళ్లి క్లబ్బు రూలు ఒకటి కాయితం మీద రాసి గోడకు అంటించాను. ఏ గుర్రానికి ఏ కళ్లెమో ఇన్‌స్ట్రక్టరు నిర్ణయం.

డిసెంబరు 18

నా కళ్లెం. మూతిపట్టీ ఇంకో బెజ్జం. ఇక బెజ్జాలు లేవు, చెప్పులు కుట్టే అతని దగ్గర కొత్తది పొడిపించాను.

డిసెంబరు 19

లాగింది.

డిసెంబరు 25

క్రిస్మస్. సారమ్మ కేకు చేసింది, ఒక పక్క మాడింది. బౌద్ధనగర్ నుంచి ఆమె చెల్లెలు రాహేలు వచ్చి, మధ్యాహ్నం అన్నాల దగ్గర ఒక మాట బయటపెట్టింది. మిషను వాళ్లు సారమ్మను మౌలాలి బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా రమ్మన్నారట. వేసవిలోనే. సారమ్మ వద్దందట.

"నాకు చెప్పనే లేదే" అన్నాను.

"చెప్పాను. మీరు 'నీ ఇష్టం' అన్నారు. ఆ తర్వాత బస్సుల్లో రద్దీ అన్నారు, నీ మోకాళ్లు అన్నారు, సాయంత్రం ఇంట్లో దీపం పెట్టేవాళ్లుండరన్నారు. మళ్లీ 'నీ ఇష్టం' అన్నారు. సరే, మానేశాను."

"నేను వద్దనలేదుగా."

"అనలేదు. మీరెప్పుడన్నారు గనక" అని నా విస్తట్లో ఇంకాస్త అన్నం పెట్టింది.

రాహేలు తల వంచుకుని తింది. పండగపూట ఈ మాటలెందుకో నాకు తెలియదు.

జనవరి 8, 1969

మైనా నన్ను పడేసింది. ముందుకాళ్లు రెండూ పైకెత్తి నిలబడింది. నేను వెనక్కి జారి నడుం మీద పడ్డాను. బుచ్చిరాములు లేపుతుంటే కళ్లెం మీద నెత్తురు నురుగు కనిపించింది. నాలుక కరుచుకుని ఉంటుంది.

మంచం మీద పడుకుని చాలా ఆలోచించాను. కమిటీ ఇరవై మూడున. వేలం అంటే జట్కా, జట్కా అంటే ముళ్లు. మైనా కోసం నేను కొంచెం తగ్గితే తప్పేమిటి. సాయంత్రం ప్రమీల చూడ్డానికి వచ్చింది. చేతిలో బత్తాయిలు. "కమిటీ ముందు నువ్వే ఎక్కు. నీ కడ్డీనే వేసుకో" అన్నాను.

ఆ అమ్మాయి మొహం చూడాలి. "నిజంగనా సార్?" అని రెండు సార్లు అడిగింది. "గుర్రం ఉంటది సార్. ఏడికీ పోదు, చూస్తుండుండ్రి."

ఆమె వెళ్లాక సారమ్మ, "మంచి పని చేశారు" అంది. ఆమె నోట ఆ మాట వినడం నాకు గుర్తున్నంతలో ఇదే మొదలు. ఈ రాత్రి నడుం నొప్పి కూడా అంత తెలియడం లేదు.

జనవరి 13

ప్రమీల, మైనా. చూడ్డానికి వెళ్లలేదు. నడుం.

జనవరి 17

క్యాంపస్ అంతా అట్టుడుకుతోంది. క్లాసులు బంద్. ప్రత్యేక రాష్ట్రం కావాలని హాస్టళ్ల నుంచి రోజూ ఊరేగింపులు. మా వీధిలో పాలవాడు మొన్నటిదాకా "ఇన్నయ్య సార్" అనేవాడు, ఇవాళ "ఆంధ్రా సార్ ఇల్లు గిదే" అని ఎవరికో చూపించాడు. చెడ్డగా ఏమీ అనలేదు. గుర్తుగా చెప్పాడంతే. అయినా మనసు చివుక్కుమంది.

జనవరి 22

సాయంత్రం ప్రమీల ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"సార్, రేపు పెద్ద ఊరేగింపు ఉన్నది. హాస్టల్ల అందరం పోతున్నం. నేను పోకుంటె బాగుండదు. మా ఊరోళ్లు నౌకరీలు లేక తిరుగుతున్నరు సార్, నేను గుర్రమెక్కి కూసుంటె నాకే సిగ్గయితది." గుమ్మం పట్టుకుని, "కమిటీని ఇంకో రోజు రమ్మనరాదా?" అంది.

మొన్ననే అడిగాను, వీల్లేదన్నారని చెప్పాను. నిజంగానే అడిగాను.

"అయితె మీరే ఎక్కుండ్రి సార్. మీకన్న మంచిగ ఎవరెక్కుతరు. కడ్డీ కళ్లెం మేకుకు పెట్టిన. గొలుసు ఏ కొక్కెంల పెట్టాల్నో అండ్లనే పెట్టి ఉంచిన. మూతిపట్టీ తీసేసిన. గిదొక్కటి మాత్రం వెయ్యుండ్రి, సార్. మాటియ్యుండ్రి."

"సరేనమ్మా" అన్నాను.

ఆమె చెప్పింది నన్ను వదిలి ఊరేగింపుకు పోతానని. అయినా కోపం రాలేదు. వచ్చిందేమో, తెలియదు.

జనవరి 23

షామియానా వేశారు. కమిటీ నలుగురు, కుర్చీలు, టీ. సామాన్ల గదికి కిటికీ ఉంది, అవతలే వాళ్లు కూర్చున్నారు. నేను లోపల మేకు ముందు నిలబడి ఉన్నాను. సూర్యనారాయణ గారు వాళ్లతో, "మా ఇన్‌స్ట్రక్టరు పాతకాలం మనిషి. గొలుసులూ, ముళ్లూ ముట్టడు. మెత్తని కళ్లెంతోనే ఎంత గుర్రాన్నైనా దారిలో పెడతాడు" అన్నారు. ఒక పెద్దాయన, "అదీ విద్య. గొలుసేస్తే ఎవడైనా ఆపుతాడు" అన్నాడు.

కడ్డీ కళ్లెం చేతిలోకి తీసుకున్నాను. తోలుకు నూనె రాసి ఉంది, ఇత్తడి మెరుస్తోంది. ప్రమీల ఎంత సేపు కూర్చుని చేసిందో. దాన్ని మళ్లీ మేకుకు పెట్టాను. నాది తీశాను.

నడక బాగానే ఉంది. దుడుకు నడక పరవాలేదు. "కాంటర్" అన్నారు, పరుగు తీయించమని. కాళ్లతో ఒత్తాను. అది ముందుకు దూకింది, నా చేతులు వాటంతట అవే బిగిశాయి. ఆ తర్వాత అంతా ఒక్క నిమిషం. తల నా మొహానికి తగిలేంత ఎత్తుకు ఎగిరింది. షామియానా వైపు తిరిగింది. కుర్చీలు పడ్డాయి, టీ కప్పులు పగిలాయి, పెద్దాయన బల్ల కిందికి దూరాడు. మైనా రెండు కాళ్ల మీద నిలబడి పక్కకు ఒరిగి పడింది. నేను దూకాను. ఎవరికీ దెబ్బలు లేవు.

దూరంగా ఊరేగింపు నినాదాలు వినిపిస్తున్నాయి. సూర్యనారాయణ గారు మొహం తుడుచుకుంటూ, "ఆ కేకలకు బెదిరిందేమో?" అన్నారు.

"అవునండీ" అన్నాను.

అయినా వేలం అని రాసుకున్నారు.

జనవరి 24

కళ్లెం కడిగాను. కీలు సందులోంచి నెత్తురు ఒక పట్టాన పోలేదు.

జనవరి 25

నినాదాలకు ఏ గుర్రమైనా బెదురుతుంది. ఎవరు ఎక్కినా, ఏ కళ్లెమైనా అలాగే జరిగేది.

జనవరి 27

ప్రమీల వచ్చింది. గొంతు బొంగురుపోయింది, కాలికి కట్టు. లాఠీ దెబ్బట. దాని గురించి మాట్లాడనివ్వలేదు. లాయం గోడకు ఆనుకుని, "కడ్డీదే వేసిన్రా సార్?" అని అడిగింది.

బుచ్చిరాములు ఆ రోజు ఊరేగింపులోనే ఉన్నాడు. చూసిన వాడు లేడు. కమిటీ వాళ్లకు కళ్లేల సంగతి తెలియదు.

"అదే వేశాను" అన్నాను.

ఆమె తన అరచేతులు రెండూ తిప్పి చూసుకుంది. తర్వాత, "అయితె నాదే తప్పు సార్" అంది. "మీరు వద్దు వద్దంటె నేనే జిద్దు చేసిన. రెండు రోజులు మంచిగ నడిస్తె అంతా తెల్సిందనుకున్న. గుర్రాన్ని నేనే ఆగం చేసిన."

ఇక్కడే చెప్పాలి. నోరు తెరిచి ఒక్క మాట అంటే అయిపోయేది. "పోనీలే అమ్మా, నేర్చుకుంటావు" అన్నాను.

అంత మెత్తగా అన్నాను.

ఫిబ్రవరి 3

మైనాను తీసుకుపోయారు. కొన్నది లక్ష్మయ్య. మెట్టుగూడ నుంచి తార్నాక దాకా జట్కా తోలేవాడు. చెడ్డవాడేం కాదు, పశువుకు కడుపు నిండా పెడతాడంటారు. వెళ్తున్నప్పుడు అది వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తుందనుకున్నాను.

ఫిబ్రవరి 6

ప్రమీల క్లబ్బుకు రావడం మానేసింది. బుచ్చిరాములుతో చెప్పిందట, "నా చేతులు మంచియి కావు" అని.

ఫిబ్రవరి 12

తార్నాక చౌరస్తాలో చూశాను. రైల్వే క్వార్టర్ల వాళ్లను దింపి జట్కా నిలబడి ఉంది. నేను టీ బంకు పక్కకు తప్పుకున్నాను. ముళ్ల కళ్లెం. నోటి మూలలు రెండు పక్కలా పగిలాయి, ఈగలు ముసురుతున్నాయి. దాని చెవుల కొసలు ఎప్పటిలాగే లోపలికి తిరిగి ఉన్నాయి. లక్ష్మయ్య పగ్గం కదిపితే చాలు, అది ఒళ్లంతా ముడుచుకుని ఆగుతోంది.

ఈ చౌరస్తాలోనే రోజూ సాయంత్రం ప్రమీల హాస్టలు నుంచి ట్యూషను చెప్పడానికి వెళ్తూ బస్సెక్కుతుంది. ఆమె కూడా చూసే ఉంటుంది. తన వల్లే అనుకునే ఉంటుంది.

సారమ్మ భోజనం దగ్గర, "ఆ రోజు ఏ కళ్లెం వేశారండీ?" అంది. మామూలుగా, పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు.

"కడ్డీదే."

"ఓహో" అంది. మజ్జిగ పోసింది.

ఫిబ్రవరి 17

కడ్డీ కళ్లెం సంచిలో పెట్టుకుని లక్ష్మయ్య దగ్గరికి వెళ్లాను. బండి విప్పి గడ్డి వేస్తున్నాడు.

"దీన్ని వేసి చూడు. నోరు మానుతుంది. ఆపితే ఆగుతుంది కూడా" అన్నాను.

"ఆగకుంటె? రోడ్డు మీద లారీలు సార్."

"ఆగుతుంది. నాకు తెలుసు."

వాడు నన్నొక చూపు చూసి, ముళ్ల కళ్లెం విప్పాడు. "మీరే తొడుగుండ్రి, మీ గుర్రమే గద" అన్నాడు. నేను దగ్గరికి వెళ్లాను. కడ్డీ చలికి చల్లగా ఉందని అరచేతుల్లో రుద్ది వెచ్చబెట్టాను. దాని మూతి దగ్గరికి తీసుకెళ్లాను.

మైనా పళ్లు బిగించింది. తల నాకు అందనంత పైకెత్తింది. వణికింది. మెడ నిమరబోతే వెనక్కి జరిగి గోడకు నడుం కొట్టుకుంది. పేరు పెట్టి పిలిచాను. ఇంకా వణికింది.

"ఇటియ్యుండ్రి సార్, మీ చేతికి బెదురుతున్నది" అని లక్ష్మయ్య నా చేతిలోంచి తీసుకున్నాడు. ముళ్లు వేసిన చెయ్యే అది. మైనా ఆ చెయ్యి వాసన చూసి, తల దించి, నోరు తెరిచింది.

బండి కట్టి వీధి చివరి దాకా వెళ్లొచ్చాడు. పగ్గం ముట్టుకుంటే ఆగింది. "మస్తున్నది" అన్నాడు. "గిది ముందే మీ తాన ఉంటె, గుర్రాన్ని ఎందుకు ఎల్లగొట్టిన్రు సార్?"

వాడు ఎత్తిపొడవలేదు. తెలియకే అడిగాడు. బస్సు వస్తోందని చెప్పి వచ్చేశాను.

దాచుకోకుండా రాస్తాను. మైనా నోటి కోసమే వెళ్లాననుకున్నాను. దారిలో తెలిసింది, అదొక్కటే కాదు. ప్రమీల రోజూ ఆ చౌరస్తాలో నిలబడుతుంది. ఏదో ఒక రోజు దాని నోట్లో ఈ కడ్డీ చూస్తుంది. నేను నోరు విప్పక్కర్లేకుండా అంతా అయిపోతుంది.

ఫిబ్రవరి 22

అయిపోయింది.

మధ్యాహ్నం ప్రమీల వచ్చింది. ఈసారి లోపలికి వచ్చి కూర్చుంది. సారమ్మ మంచినీళ్లు ఇచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"మైనాను చూసిన సార్. చౌరస్తాల. జీపులోడు హారన్ కొడితె కూడ కదల్లే. దగ్గరికి పోయి చూస్తె నోట్ల నా కడ్డీ. నేను సాపు చేసిన ఇత్తడే. లక్ష్మయ్యనడిగితె మీరే ఇచ్చిన్రన్నడు."

నేను తల ఊపాను.

"జట్కాల, లారీల నడుమ నిమ్మళంగ నిలబడ్డ గుర్రం గాడ షామియానా ముందట ఎట్ల లేచింది, సార్?"

ఆమె నా కోసం ఆగింది. జవాబు తెలియక కాదు, నా నోటి నుంచి రావాలని. నా పళ్లు బిగిసే ఉన్నాయి.

"నేను నెల నుంచి నిద్రపోతలేను" అంది, గొంతు పెంచకుండా. "నా చేతులే పాపిష్టియనుకున్న. మా నాయినకు ఉత్తరం రాసిన, ఇగ గుర్రమెక్కనని. మీరు నాకొక్క మాట చెప్తె అయిపోతుండె. మిమ్ముల తిడ్తుంటి, పోతుంటి. మాట మీరు చెప్పలే సార్. గుర్రంతోటి చెప్పించిన్రు."

నీళ్లు తాగకుండానే లేచింది. గుమ్మం దగ్గర సారమ్మతో, "పోయొస్తనమ్మా" అంది. నాతో అనలేదు.

ఫిబ్రవరి 22, సాయంత్రం

ఆమె వెళ్లాక ట్రంకు పెట్టె తెరిచి నా కళ్లెం తీశాను. మెత్తని కళ్లెం. గుడ్డ విప్పి కాసేపు చూస్తూ కూర్చున్నాను. తర్వాత చొక్కా చెయ్యి మడిచి, ముంజెయ్యి తిప్పి, ఎముక వైపు పైకి పెట్టాను. కళ్లెం దాని మీద పెట్టుకున్నాను, కీలు సరిగ్గా ఎముక మీదికి వచ్చేలా. ఇన్నేళ్లు ఎంతమంది చేతుల మీద పెట్టానో. నా చేతి మీద ఎవరూ పెట్టలేదు. పగ్గం లాగడానికి ఇంకొకరు కావాలి.

"సారమ్మా" అని పిలిచాను. వచ్చింది. "ఇది పట్టుకుని లాగు" అన్నాను.

ఎందుకని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని, నా ఎదురుగా కింద కూర్చుని, పగ్గం రెండు చేతులా పట్టుకుని లాగింది. కీలు మడిచింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చాలు" అన్నాను.

ఆమె నా మొహం వైపే చూస్తోంది. ఇంకొంచెం లాగింది. అప్పుడు వదిలింది.